నిలబడవలసిన చోట

అమ్మాయికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం, అక్కడ నువ్వూ అల్లుడూ పిల్లా క్షేమమని తలుస్తాను. ఉత్తరం ఇలా మొదలుపెట్టడం పెద్దలు నేర్పిన మర్యాద కాబట్టి రాశాను, అందులో నిజమెంతో నీకూ తెలుసు. నా వరకు క్షేమమే. మోకాళ్ళు తప్ప తక్కిన సరుకంతా పనిచేస్తోంది. మీ పిన్ని ఆఫీసుకి వెళ్ళి వస్తోంది, నాతో మాటకి మాట అంటూనే ఉంది. మీ చిన్నాన్నకి పక్కటెముకలు విరిగాయి, ఎడమ కన్ను పోయింది. పోయిందని డాక్టరు నోటితో అనలేదు. అడిగినప్పుడల్లా గోడమీద క్యాలెండరు వైపు చూస్తాడు. నాకది చాలు.

నీ ఉత్తరం అందింది. ఇన్నేళ్ళూ ఫోనులో పొడి మాటలే మాట్లాడినదానివి, ఈసారి పేజీలు నింపావు. చిన్నాన్న ఎలా ఉన్నాడని అడిగావు. ఎవరూ ఎందుకు ఆపలేదని అడిగావు. నీ దగ్గర ఆత్మరక్షణ నేర్చుకునే ఆడపిల్లల్ని క్లాసుకి ముందు కళ్ళు మూయించి కూర్చోబెట్టడం మానెయ్యాలా అని అడిగావు. ఇంకో సంగతి మాత్రం అడగలేదు, నువ్వే తీర్పు చెప్పేశావు. "చిన్నాన్న పరువు కోసం నువ్వు అందరి ముందూ పడ్డావట. పిన్ని చెబితే ఏడ్చాను నాన్నా. నిన్ను ఇన్నాళ్ళూ తప్పుగా అనుకున్నాను. పిల్లని తీసుకుని వస్తున్నాను, టికెట్లు కూడా తీసుకున్నాను" అని రాశావు. ఆ తీర్పు సంగతి తరవాత. ఇది చదివాక టికెట్లు ఉంచుకోవాలో వద్దో నువ్వే తేల్చుకుందువు గాని.

ముందు కళ్ళు మూసుకోవడం సంగతి. అది మతమని ఒక తల్లి గొడవ చేస్తోందనీ, "మా అమ్మాయి తన్నడం నేర్చుకోడానికి వచ్చింది, కునుకు తియ్యడానికి కాదు" అని ఒక తండ్రి అన్నాడనీ రాశావు. ఆ తండ్రి నాకు నచ్చాడు. నేనూ జీవితమంతా ఆయన పక్షమే.

వార్డరు మాస్టారి గురించి నువ్వు కథలు కథలుగా విన్నావు. అవన్నీ చిన్నాన్న చెప్పిన కథలు. వాడి కథల్లో ఆయన చుట్టూ వెలుగు ఉంటుంది, నేను చూసినప్పుడు సిగరెట్టు పొగ ఉండేది. జైల్లో వార్డరుగా చేసి రిటైరైన మనిషి. పాత గోనెసంచుల గోడౌనులో పరుపులు పరిచి, సాయంత్రాలు మాలాంటి వీధి కుర్రాళ్ళకి పట్లూ విసుర్లూ నేర్పేవాడు. మొదలుపెట్టే ముందు ఒకసారి, అయిపోయాక ఒకసారి అందరం గోడవైపు తిరిగి కళ్ళు మూసుకుని కూర్చోవాలి. ఆయన దేవుడి పేరెత్తగా నేను వినలేదు. ప్రాణశక్తి లాంటి మాట ఆయన నోట ఎన్నడూ రాలేదు. చేరిన రోజే మీ చిన్నాన్న అడిగాడు:

"కళ్ళు మూసుకుని ఏం చెయ్యాలి మాస్టారూ?"

"నీకు ఎవడంటే ఒళ్ళుమంటరా?"

"మా అన్నయ్యంటే" అన్నాడు వాడు, తడుముకోకుండా. అందరూ నవ్వారు. మాస్టారు నవ్వలేదు.

"చెప్పులు బయట విడిచావు కదా, వాణ్ణీ అక్కడే విడిచిపెట్టు. వదిలేదాకా కూర్చో. వదలకుండా పరుపెక్కితే నువ్వు పట్టేది పట్టు కాదు, పగ. మా జైల్లో సగం మంది అలా పట్టి వచ్చినవాళ్ళే."

ఆయన చెప్పిన ఆధ్యాత్మికమంతా అదే. ఆ తరవాత ఈ విషయం మీద నేను చదవని పుస్తకం లేదు. గ్రంథాలయంలో ఉద్యోగం కదా, కొండగుహల్లో కూర్చున్న గురువులూ, వాళ్ళ శిష్యులూ, ఆ శిష్యుల్ని వెక్కిరించిన పండితులూ అందరూ నా చేతుల మీదుగా అరల్లోకి వెళ్ళినవాళ్ళే. యుద్ధవిద్యకీ ధ్యానానికీ సంబంధం ఏమిటంటే గంటసేపు ఉపన్యాసం ఇవ్వగలను. మాస్టారు చెప్పిన ఆ ముక్క మాత్రం చెవిలో వేసుకోలేదు. అందరూ గోడ వైపు కూర్చుంటే నేను చదివిన పేజీలు నెమరేసుకునేవాణ్ణి, లేదా పక్కవాణ్ణి ఎలా పడగొట్టాలా అని లెక్క వేసుకునేవాణ్ణి. పడగొట్టేవాణ్ణి కూడా.

మాస్టారు పోయాక అన్నదమ్ములం ఆయన విద్యని ఇల్లు పంచుకున్నట్టు పంచుకున్నాం. పట్లు నాకొచ్చాయి, గోడ వాడికొచ్చింది. నా హాల్లో చెమట, వాపు, ఐసుముక్క. వాడి హాల్లో తెల్లబట్టలు, నీలం బల్బు, మెత్తటి సంగీతం. జనం ఎటు పోయారో నీకు నేను చెప్పక్కర్లేదు, నువ్వూ అటే పోయావు. "నీ దగ్గర దెబ్బలు తప్ప ఏమున్నాయి నాన్నా, చిన్నాన్న దగ్గర మనసుకి హాయిగా ఉంటుంది" అని, నేను కుట్టించిన బట్టలే వేసుకుని వాడి హాలుకి వెళ్ళావు. నేను కిటికీలోంచి చూస్తూ ఉన్నాను. నా హాలు ఇప్పుడు టైర్ల గోడౌను. ఆ దారిన వెళ్ళినప్పుడు రబ్బరు వాసన కొడుతుంది, ముక్కు మూసుకుని వెళతాను.

ఇక ఎవరూ ఎందుకు ఆపలేదన్న ప్రశ్న. నీకు తెలిసిన విద్యే అయినా వివరంగా రాస్తాను, జవాబు అందులోనే ఉంది. మన దగ్గర మొదట నేర్పేది పడటం. అవతలివాడు మణికట్టు మెలిపెడితే బిగుసుకుని నిలబడకూడదు, నిలబడితే ఎముక విరుగుతుంది. ఆ మెలికతో పాటే దొర్లి, అరచేత్తో పరుపుని చరిచి, లేవాలి. అది కలిసి సాధన చేసేవాళ్ళ మధ్య మర్యాద. మంచి శిష్యుడు మెలిక పూర్తికాకముందే పడతాడు. ఇంకా మంచి శిష్యుడు చెయ్యి తగలగానే పడతాడు. మీ చిన్నాన్న పోటీలాటలు హింస అని మానిపించేశాడు. పట్టుకి ఎదురుతిరిగేవాడు ఆ హాల్లో లేకుండా పోయాడు. ఏళ్ళు గడిచేసరికి శిష్యులు చెయ్యి దగ్గరికొస్తేనే పడటం మొదలుపెట్టారు, తరవాత దూరం నుంచి చెయ్యి ఊపినా పడ్డారు. వాళ్ళు నటించలేదు. ఒళ్ళు అలా అలవాటుపడిపోయింది, అంతే. వాడి శిష్యుల్లో ఆ బ్యాంకు మేనేజరు ఉన్నాడే, లోను అడిగినవాణ్ణి కూర్చోమని కూడా అనని మనిషి, మీ చిన్నాన్న ఇటునుంచి వేలు చూపిస్తే గోడదాకా దొర్లుకుంటూ పోయేవాడు. లేచి కళ్ళు తుడుచుకునేవాడు. అన్నేళ్ళు అంతమంది పడుతుంటే ఎవడికైనా తన చేతిలో ఏదో ఉందనే అనిపిస్తుంది. మీ చిన్నాన్నకీ అనిపించింది. వాడు దొంగ కాడు. దొంగయితే ఇంత కష్టం ఉండేది కాదు, దొంగకి ఎప్పుడు పారిపోవాలో తెలుస్తుంది.

మా వీధి చివర బాక్సింగు నేర్పే కుర్రాడొకడు వచ్చాడు. చిన్నాన్న శిష్యులు గాల్లో దొర్లే వీడియో చూసి, "అంకుల్ నన్ను ముట్టుకోకుండా పడేస్తే నా గ్లవ్స్ ఆయన గుమ్మానికి కడతాను" అని తనూ ఒక వీడియో పెట్టాడు. నవ్వి ఊరుకోవాల్సింది. మీ చిన్నాన్న ఒప్పుకున్నాడు. రింగులో, జనం ముందు, ఆదివారం.

మీ పిన్ని నా గదికి వచ్చింది. ఇరవై మెట్లు ఎక్కి రావడం ఆవిడకి ఇష్టం ఉండదు, నా మొహం అసలే ఇష్టం ఉండదు.

"బావగారూ, మీరొకసారి మా హాలుకి రావాలి."

"ఎందుకమ్మా, నన్ను కూడా గాల్లోకి లేపుతాడా?"

"వెటకారాలు తరవాత. ఆ కుర్రాడు ఈయన్ని చంపేస్తాడు."

"చంపడు, చంపితే కేసవుతుంది. మూతి పగలగొట్టి వదిలేస్తాడు."

"మీ తమ్ముడండీ!"

"అది మా అమ్మ చేసిన ఏర్పాటు. నన్ను అడిగి కనలేదు."

ఆవిడ కోపం మింగింది. కుర్చీలో నా పుస్తకాలు పక్కకి జరిపి కూర్చుంది. "నేను చెబితే నీకు విశ్వాసం లేదంటారు. శిష్యులా, వాళ్ళు ఈయన తుమ్మినా పడతారు. మీరొక్కరే మిగిలారు. అందరి ముందూ వచ్చి ఆయన ఎదురుగా నిలబడండి. ఆయన చెయ్యి ఎత్తుతారు. మీరు పడకండి. పరువు పోతుంది, పోనివ్వండి. మనిషి మిగులుతాడు."

నా పని అంతే అమ్మా. నిలబడటం. మోకాళ్ళు అరిగినవాడైనా చెయ్యగల పని.

వెళ్ళాను. గుమ్మం దగ్గర బ్యాంకు మేనేజరు రెండు చేతులూ అడ్డం పెట్టి, "పెద్ద మాస్టారూ, లోపల మౌనం" అన్నాడు. "అయితే నువ్వు ఎందుకు మాట్లాడుతున్నావు?" అని లోపలికి నడిచాను. మీ చిన్నాన్న నన్ను చూసి తెల్లబోయాడు, మరుక్షణం మొహమంతా నవ్వయింది.

"అన్నయ్యా! కుర్చీ తెండర్రా, అన్నయ్యకి కుర్చీ!"

"కూర్చోడానికి రాలేదురా. ఆదివారం ఆ కుర్రాడి మీద చూపించేది ముందు ఇంట్లోవాడి మీద చూపించు."

"నీకెందుకు అన్నయ్యా ఇదంతా. మోకాళ్ళు బాగోలేవు, పడితే దెబ్బ తగులుతుంది."

"పడితే కదా."

వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. వాడు తలొంచి, సరేనన్నాడు. అక్కడి పద్ధతి ప్రకారం అందరం ముందు గోడవైపు తిరిగి కూర్చున్నాం. లేచాం. వాడు నాకు నాలుగడుగుల దూరంలో నిలబడి చెయ్యి ఎత్తాడు. నేను పడ్డాను.

మీ పిన్ని నీకు చెప్పింది ఇంతవరకే, ఆవిడకి తెలిసిందీ ఇంతే. హాలంతా ఒక్క కేక. మేనేజరు వెక్కి వెక్కి ఏడ్చాడు. మీ చిన్నాన్న పరుగెత్తుకొచ్చి నన్ను లేపి, చిన్నపిల్లాణ్ణి పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. వాడి గుండె నా గుండెకి కొట్టుకోవడం నాకు తెలిసింది. బయట చెప్పులు వేసుకుంటుంటే మీ పిన్ని వచ్చి, "చివరికొచ్చేసరికి మీకు మనసొప్పలేదు కదూ బావగారూ. తప్పుపట్టను. ఇప్పుడింక ఆయన్ని దేవుడే కాపాడాలి" అంది. నేను చెప్పులు వేసుకుని వచ్చేశాను.

ఆదివారం రెండో వరసలో కూర్చుని చూశాను. కుర్రాడు మర్యాదస్తుడే. "రెడీనా అంకుల్?" అని అడిగాడు. మీ చిన్నాన్న చెయ్యి ఎత్తాడు. కుర్రాడు గ్లవ్స్ దించుకుని చాలాసేపు నిలబడ్డాడు. "అంకుల్, నేనింకా ఇక్కడే ఉన్నాను" అన్నాడు. జనం నవ్వారు. భుజం మీద మెల్లగా తట్టాడు, తరవాత కొంచెం గట్టిగా. వీడు తూలి, కాళ్ళు నిలదొక్కుకుని, మళ్ళీ చెయ్యి ఎత్తాడు. అప్పుడు కుర్రాడు కొట్టాడు. వీడు లేచాడు, చెయ్యి ఎత్తాడు. కుర్రాడు రెఫరీ వైపు చూసి "ఏం చెయ్యమంటారు సార్?" అన్నాడు. "ఆట ఆటే" అన్నాడు ఆ పెద్దమనిషి. కన్ను పోయింది ఆ తరవాతి దెబ్బకి. ఆసుపత్రి మెట్లమీద ఆ కుర్రాడు నన్ను పట్టుకుని "ఆయన చెయ్యి దించితే ఆపేద్దామని చూశానండీ, దించలేదండీ" అని మళ్ళీ మళ్ళీ చెప్పాడు. వాణ్ణి ఎవరూ ఏమీ అనకండి.

ఇప్పుడు నీ తీర్పు దగ్గరికి వస్తాను.

నేను వాడి పరువు కోసం పడలేదమ్మా. మనసొప్పక పడలేదు. వాడి శక్తి తగిలీ పడలేదు. ఆ హాలుకి వెళ్ళేటప్పుడు నిలబడాలనే వెళ్ళాను, అది నిజం. గోడవైపు తిరిగి కళ్ళు మూసుకున్నాను చూడు, అప్పుడు ఒక్కొక్కరే లోపలికి వచ్చారు. నేను కుట్టించిన బట్టల్లో వాడి గుమ్మం ఎక్కుతున్న నువ్వు. నా హాలు తలుపు మీద టైర్ల కంపెనీ బోర్డు. చివరి రోజు నేను ఒంటరిగా ఊడ్చిన పరుపులు. వాడి తెల్లబట్టలు, వాడి చుట్టూ చేరిన జనం, వాళ్ళ తడి కళ్ళు. చెప్పులు బయట విడిచాను గాని వీళ్ళెవరినీ విడవలేదు. లేచి వాడి ఎదురుగా నిలబడేసరికి నాకు ఒక్క సంగతి చాలా స్పష్టంగా కనిపించింది. నేను నిలబడితే వాడు బతికిపోతాడు. ఇక్కడే, తనవాళ్ళ మధ్య, కొంచెం నవ్వులపాలై, ఇంటికెళ్ళి పడుకుంటాడు. నేను పడితే ఆ కుర్రాడి దగ్గరికి వెళతాడు, అక్కడ ఊరంతా చూస్తుంది.

పడ్డాను. నా జన్మలో అంత అందంగా ఎన్నడూ పడలేదు. మోకాళ్ళు కూడా నొప్పి తెలియనివ్వలేదు. మాస్టారు చూసి ఉంటే వీపు తట్టేవాడు, లోపలిది చూసి ఉంటే జైలుకి పంపేవాడు.

రింగులో మొదటి దెబ్బ తగిలినప్పుడు నాకు హాయిగా అనిపించింది. దాచను. రెండోది తగిలినప్పుడు లేచి అరవబోయాను, మళ్ళీ కూర్చున్నాను. ఏమని అరుస్తాను? ఆగరా, నేను ఊరికే పడ్డానురా అనా?

అందుచేత నీ పిల్లల్ని కూర్చోబెట్టు. మతమన్న ఆ తల్లికి, కునుకన్న ఆ తండ్రికి ఏం చెప్పుకుంటావో చెప్పుకో. నీలం బల్బు వద్దు, సంగీతం వద్దు. ఎవరిమీద ఒళ్ళుమంటో తలుచుకుని వదిలేదాకా కూర్చోమను. వదిలిందో లేదో పైకి కనిపించదు, అదొక్కటే చిక్కు. నేను యాభై ఏళ్ళు మాస్టారి ముందూ, శిష్యుల ముందూ కూర్చున్నాను, ఎవరూ కనిపెట్టలేదు.

ఒక్కడు మాత్రం సగం కనిపెట్టాడు. దానికోసమే ఈ ఉత్తరం ఇంత పొడుగైంది.

మీ పిన్ని ఆఫీసుకి వెళ్ళాక కంటిచుక్కలు వెయ్యడానికి పగలు వాడి దగ్గరికి నేనే వెళుతున్నాను. మొన్న చుక్కలు వేసి, దూదితో తుడుస్తున్నాను. ఆ రోజు చెప్పేద్దామని గుండె రాయి చేసుకుని వెళ్ళాను. ఏదో మాట కలపాలని, "మీ మేనేజరు కనిపించాడు, వీధిలో అరటితొక్క మీద జారి నిజంగానే పడ్డాడు" అన్నాను.

"నవ్వించకు అన్నయ్యా, పక్కటెముకలు" అని పొట్ట పట్టుకున్నాడు. కన్ను మూసుకునే, "ఆ రోజు నువ్వు కావాలనే పడ్డావు. నాకు తెలుసు" అన్నాడు.

"ఎలా తెలుసు?"

"నా చెయ్యి లేవకముందే నీ మడమ లేచింది. ఇన్నేళ్ళు ఇదే పని చేశాను, ఆ మాత్రం కనపడదా? అప్పుడే మొదటిసారి అనుమానం వచ్చింది, అందరి మడమలూ ఇలాగే లేస్తున్నాయేమోనని. మర్నాడు క్లాసులో వాళ్ళ చేతులు చూడ్డం మానేసి కాళ్ళు చూశాను. లేస్తున్నాయి అన్నయ్యా. అందరివీ."

"తెలిసి ఎందుకు వెళ్ళావురా? దద్దమ్మా, తెలిసి ఎందుకు వెళ్ళావు?"

"నువ్వు జీవితంలో ఎవరికీ తల వంచినవాడివి కాదు. నాకోసం అంతమందిలో నేలమీద పడ్డావు. నేను వెళ్ళనంటే నువ్వు పడిందానికి విలువేముంటుంది? అన్న పడినందుకు ఒక్క ఆదివారం నేనూ నిలబడాలి కదా అనుకున్నాను."

"చెయ్యి దించొచ్చు కదరా, వాడు ఆపేవాడట."

"దించితే ఇంకేం చెయ్యాలి? చెయ్యి ఎత్తడం తప్ప నాకేం వచ్చు?" అని, తడుముకుని నా మణికట్టు పట్టుకున్నాడు. "నాకేం బాధ లేదు. కన్ను పోతే పోయింది, నువ్వు వచ్చావు."

చెబుదామని వెళ్ళినవాణ్ణి మందుసీసా మూత బిగించాను. బిగించిందే బిగించాను. రోజూ వెళుతున్నాను, రోజూ చుక్కలు వేస్తున్నాను, చెప్పలేదు.

నిజం చెబితేనే పాపం తీరుతుందని నేను అరల్లో సర్దిన పుస్తకాలన్నీ అంటాయి. వాటిని రాసినవాళ్ళెవరూ వాడి మంచం పక్కన కూర్చోలేదు. మిగిలిన ఆ ఒక్క కంటితో వాడు నన్ను చూస్తున్నాడమ్మా, తనమీద ప్రేమతో పడిన అన్నయ్యని చూస్తున్నాడు. అదీ నేనే పొడవాలా? నా దగ్గర దెబ్బలూ వాడి దగ్గర ఓర్పూ రెండూ చూసినదానివి నువ్వొక్కతెవే. నువ్వు పొడవమంటే పొడుస్తాను.

ఇట్లు,
నీకు ఆశీస్సులు ఇచ్చే అర్హత ఇంకా మిగిలిందో లేదో తెలియని
మీ నాన్న